తెరుచుకోని మెయిలు, టీచరమ్మ కోటు

వీధిలో అందరూ ఆమెను కొలతలమ్మ అనేవారు. మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే, మెడలో టేపు ఇంకా తీయకుండానే, "భుజం పదిహేనున్నర, ఎడమవైపు కాస్త దిగుడు. బరువైన సంచీ మోస్తారా?" అని అడిగేది. టేపు పెట్టి చూస్తే పదిహేనున్నరే. ఎదుటివాళ్ళు నోరు వెళ్ళబెడితే, "నలభై ఏళ్ళుగా చూస్తున్నది భుజాలే కదండీ. ముఖాలంటారా, నాకు గుర్తుండవు," అనేది. అదీ నిజమే. సొంత ఆడపడుచుని వెనకనుంచి చూస్తే తప్ప పోల్చుకునేది కాదు.

దుకాణం మెట్ల కింద గది. కిటికీ పక్క మిషను ఆమెది, గోడ పక్కది వాళ్ళ అక్కది. అక్క పోయి రెండేళ్ళయినా ఆ మిషను మీద గుడ్డ కప్పలేదు. రోజూ తుడిచి, నూనె చుక్క వేసి, వచ్చి తన మిషను ముందే కూర్చునేది.

ఆ సోమవారం టీచరమ్మ వచ్చింది. ఆవిడకు చిన్నప్పటినుంచీ వెన్ను వంకర. కుడి భుజం రెండు వేళ్ళు పైకి ఉంటుంది. షాపుల్లో కొన్న కోటేదైనా ఆవిడ ఒంటి మీద మేకుకు తగిలించినట్టే వేలాడేది. తొమ్మిదేళ్ళ కిందట అక్క ఏడుసార్లు విప్పి, ఏడుసార్లు కుట్టి, ఒక కోటు కుదిర్చింది.

"వచ్చే సోమవారంనుంచి నేను హెడ్‌మిస్ట్రెస్‌నండీ," అంది టీచరమ్మ. "మూడొందల మంది పిల్లల ముందు నిలబడాలి. వాళ్ళు నా మాట వినాలి గానీ నా వీపు చూడకూడదు. ఈ కోటేమో ఉతికి ఉతికి ఇలా తయారైంది."

కొలతలమ్మ ఆ కోటును అటూ ఇటూ తిప్పింది. ఆకారం పూర్తిగా పోయింది. దీన్ని విప్పి కొలిస్తే తప్పుడు కొలతే వస్తుంది.

"శనివారం వచ్చి పట్టుకెళ్ళండి. ట్రయల్ కూడా అక్కర్లేదు. మా అక్క గీసిన నమూనా ఉంది."

చెప్పి, పుస్తకంలో తారీఖు వేసుకుంది. ఆ దుకాణంలో ఒక్క బట్ట కూడా ఆలస్యమైన పాపాన పోలేదు.

నమూనా కాగితం మాత్రం కిందటి వానలకే నాని ముద్దయిపోయింది. అందుకు ఆమెకేం దిగులు లేదు. అక్క గీసిన ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి మెయిలుకు పంపుకోవడం ఫోను కొన్నప్పటినుంచీ ఆ దుకాణంలో ఉన్న పద్ధతి. మెయిలు తెరిచిన రోజు కూడా ఆమెకు గుర్తే. ఇద్దరూ కత్తిరింపుల బల్ల దగ్గర కూర్చుని ఫోనులో ఒక్కొక్క గడీ నింపారు. మధ్యలో దేనికో అక్క పగలబడి నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా. ఎందుకు నవ్విందో మాత్రం ఎంత ఆలోచించినా అందేది కాదు.

ఇప్పుడు కొత్త ఫోను. పాస్‌వర్డ్ అడిగింది. తెలిసినవన్నీ కొట్టింది, తొమ్మిదోసారికి మెయిలుకు తాళం పడింది. నంబరుకు కోడ్ పంపుతామంది. ఆ నంబరు వదిలేసి నాలుగేళ్ళు. పోనీ ఇంకో మెయిలుకు పంపుతామంది. అది అక్కది. దాని పాస్‌వర్డ్ అక్కతోనే పోయింది.

కోడలు మందుల షాపులో పని చేసేది. మధ్యాహ్నం ఇంటికి వస్తూ దుకాణంలో ఆగింది.

"ఊరందరి కొలతలూ నోటికొచ్చు, సొంత పాస్‌వర్డ్ రాదా అత్తయ్యా?"

"అదేమన్నా భుజమా, చూసి చెప్పడానికి?"

"ఇటివ్వండి. మీరింక తాకొద్దు. తాకినకొద్దీ బిగుసుకుంటుంది."

"మీ మామయ్యలాగే ఉందే ఇదీ."

కోడలు వెతికి వెతికి ఒక దరఖాస్తు పట్టుకుంది. మెయిలు మీదేనని నమ్మించడానికి పేరు, పుట్టిన తారీఖు, ఎవరెవరికి ఉత్తరాలు పంపారు, వాటి శీర్షికలేంటి, అన్నీ రాయాలి. శీర్షికలు అడగ్గానే కొలతలమ్మ సుద్దముక్క పక్కన పెట్టి కళ్ళు మూసుకుంది.

"రాసుకో. బ్యాంకాయన నడుము ముప్పై ఎనిమిది, ఒప్పుకోడు. నర్సమ్మ చెయ్యి ఇరవై రెండు. టీచరమ్మ, ఏడో ట్రయల్. పెళ్ళికొడుకు తమ్ముడు, ఇంకా పెరుగుతాడు."

"ఇవా శీర్షికలు!"

"మరి రేపు వెతికితే దొరకొద్దూ?"

పన్నెండు చెప్పింది, తడుముకోకుండా. జవాబు మంగళవారం మధ్యాహ్నం కోడలి మెయిలుకు వచ్చింది: మీరిచ్చిన వివరాలు సరిపోలేదు. గుండీల డబ్బాలో పడున్న పాత ఫోను తీసి, ఛార్జింగ్ పెట్టి, దాంట్లోంచి మళ్ళీ పంపారు. బుధవారం మళ్ళీ అదే జవాబు.

"నేను నేను కాదని చెప్పడానికి వాడెవడు?" అంది కొలతలమ్మ. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఆ గొంతులో.

"పోనీ టీచరమ్మకు ఫోన్ చేసి కుదరదని చెప్పేద్దామా?"

"చెప్పడానికి నాకు నోరు రాదు. ఏడు ట్రయల్స్ మూడు రోజుల్లో వేసేవాళ్ళూ లేరు. కాబట్టి తెరుచుకుంటుంది. ఆ పుస్తకం అందుకో, ఇంకో నాలుగు శీర్షికలు చెప్తాను."

కోడలు పుస్తకం తెరిచింది. "అదేంటత్తయ్యా, టీచరమ్మకు శనివారం అని చెప్పి ఇక్కడ గురువారం అని రాశారు?"

"ఎప్పుడూ అంతే. చెప్పిన రోజుకు రెండు రోజులు ముందు రాసుకుంటాం. ఏ తారీఖు రాయాల్సి వచ్చినా చెయ్యి దానంతటదే రెండు వెనక్కి..."

ఆ మాట దగ్గర ఆమె ఆగిపోయింది. టేపు రెండు కొసలూ చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడింది.

"పద్దెనిమిది కాదే."

"ఏది?"

"నేను పుట్టింది పద్దెనిమిదిన. కానీ మెయిలు తెరిచిన ఆ రోజు పదహారు అని కొట్టాను, చేతి అలవాటు. అది చూసే అక్క నవ్వింది. 'నువ్వు కడుపులోంచి కూడా గడువుకు ముందే డెలివరీ అయ్యావే!' అని. మార్చబోతే మార్చనివ్వలేదు." ఆమె పెద్దగా నవ్వింది. కోడలు కూడా నవ్వుతూ, అత్తయ్య కళ్ళకేసి చూసి, పదహారు అని టైపు చేసింది.

గురువారం మధ్యాహ్నం మెయిలు తెరుచుకుంది.

టీచరమ్మ, ఏడో ట్రయల్. ఫోటోలో అక్క గీతలు, వంపులు, అంకెలు. కాగితం అంచున, కొలతలమ్మ ఎప్పుడూ పట్టించుకోని నాలుగు ముక్కలు: "నిలబెట్టి చూడకు. నిలబడితే భుజం దాచుకుంటుంది. నడిపించి చూడు."

పాత నంబరు తీసి కోడలి నంబరు పెట్టారు. కోడ్ పంపే చోటునుంచి అక్క మెయిలు తొలగించాలా అని ఫోను అడిగితే, ఆ మీట కొలతలమ్మే నొక్కింది. పుట్టిన తారీఖు సరిచేద్దామా అంది కోడలు.

"ఉండనీ. ఈసారి మర్చిపోను."

పుస్తకంలో రాసిన రోజుకు పూర్తికాని మొదటి కోటు అదే. దాచుకున్న ఆ రెండు రోజులే దాన్ని గట్టెక్కించాయి. గురువారం సాయంత్రానికి కత్తిరింపు, శుక్రవారం కుట్టు, శనివారం పొద్దున కాజాలు, గుండీలు. కుడి భుజం దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్ళి గోడ పక్క మిషను ముందు కూర్చుంది. తొక్కగానే అది నిన్నటిదాకా పని చేసినట్టే కదిలింది.

మధ్యాహ్నం టీచరమ్మ వచ్చి, కోటు తొడుక్కుని అద్దం వైపు నడవబోయింది.

"అద్దం వద్దండీ. ఆ మలుపుదాకా నడిచి రండి."

"ఇలాగేనా, వీధిలోనా?"

"పిల్లలు మిమ్మల్ని అద్దంలో చూడరుగా."

కొలతలమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. మొదటి పది అడుగులు టీచరమ్మ భుజాలు బిగబట్టే నడిచింది. పండ్ల బండి దాటాక ఎవరో పలకరించారు. తలెత్తి బదులు చెప్పింది. అక్కడినుంచి కోటు కోటులా కాక ఆవిడ వీపులాగే సాగింది. ఏ భుజం ఎత్తో కొలతలమ్మ కంటికే ఆనలేదు.

మలుపు దగ్గర ఆవిడ వెనక్కి తిరగలేదు. అలాగే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయింది. పాత కోటు, చేతిసంచీ బల్ల మీదే ఉన్నాయి.

"పిలవనా అత్తయ్యా?" అంది కోడలు.

"ఎందుకు? సంచీ గుర్తొస్తే ఆవిడే వస్తుంది," అని కొలతలమ్మ పుస్తకం తెరిచి, గురువారం పక్కన టిక్కు పెట్టింది.