మొదటి పేజీలో గోదావరి

ఇంటర్నెట్ కావాలంటే ఇంకా నెట్ సెంటర్‌కే పోవలసిన రోజులవి. భద్రాచలంలో ఒక హోటల్‌కు వెబ్‌సైట్ తయారుచేసి, మొదటి పేజీ ఎలా ఉందో యజమానికి చూపించడానికి రంగుల ప్రింటు తీసుకుని ఖమ్మంలో బస్సెక్కాను. చుట్టూ ముదురు ఎరుపు అంచు, పైన బంగారు రంగు అక్షరాలు, మధ్యలో హోటల్ మేడ మీద నుంచి తీసిన గోదావరి ఫోటో.

కొత్తగూడెం దాటాక అడవితో పాటే ముసురూ మొదలైంది. పక్క సీట్లో ఒకావిడ, ఒళ్లో ఎక్స్‌రే కవరు పెట్టుకుని, నా చేతిలోని కాగితాన్నే చూస్తోంది. కాసేపటికి ఫోటోలోని కరెంటు స్తంభం మీద వేలు పెట్టింది.

"గీ స్తంభం పక్కనే మా గుడిసె. ఎప్పుడు తీసేసిన్రు సార్? నేను దవాఖానాకు పోయి పది రోజులే అయింది. ఇంట్ల బిడ్డ ఒక్కతే ఉంది."

"ఎవరూ తీయలేదమ్మా. ఫోటో బాగుండాలని కంప్యూటర్‌లో నేనే చెరిపేశాను," అన్నాను. ఆ గుడిసెలనూ, ఆరేసిన బట్టలనూ తుడిచేసి పచ్చగడ్డి నింపడానికి నాకు ఒక పూట పట్టింది.

ఆవిడ కాగితాన్ని ఇంకోసారి చూసింది.

"మంచిగనే ఉంది సార్," అంది.

నా మాట నమ్మినట్టు లేదు. భద్రాచలంలో బస్సు ఆగగానే ఎక్స్‌రే కవరు కొంగు కింద దాచుకుని, వానలోనే గోదావరి వైపు గబగబా వెళ్లిపోయింది.

హోటల్ యజమాని కాగితం చేతిలోకి తీసుకోగానే "మంచిగుంది" అన్నాడు. ఆ మాట వినడం ఆ రోజు నాకు రెండోసారి.