బురదల రెండక్షరాలు

మా కోరుట్ల నౌషాద్ వారమంతా కథలాపూర్ రూట్ల ప్యాసింజర్ జీపు నడిపేటోడు. ఓ ఆదివారం గదే జీపుతోని హైదరాబాద్ శివారుల బురద ట్రాక్ మీద రేసుకు దిగిండు. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. అందరి లెక్కనే నౌషాద్ సుత నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాయించిండు.

రేసు పెట్టినాయన అడ్డం వచ్చిండు. "ఆ టీజీ మీద కాగితం అంటిస్తేనే బండిని దించనిస్తాను."

కాగితమట!

"అంటించుకోండ్రి సార్," అన్నడు నౌషాద్.

మొదటి నీళ్లగుంతల్నే కాగితం కొట్టుకపోయింది. మూడో బండిగ గీత దాటేసరికి జీపంతా బురద ముద్దయింది.

"మూడో బండి ఎవరిది? ప్లేటు తుడువు!" ఆయన మైకుల ఒర్రిండు.

నౌషాద్ దస్తీ తీసిండు. నంబరు జోలికి పోలేదు. టీజీ ఒక్కటే తుడిసిండు.

"సదువుండ్రి సార్. మైకుల, గట్టిగ సదువుండ్రి."