ఎడ్లబండికి పది టన్నులు

2003 డిసెంబర్. బోధన్ దగ్గర ఒక చక్కెర మిల్లు. అక్కడ రెండు కాటాలు: ఒకటి ట్రాక్టర్లకు, రెండోది ఎడ్లబండ్లకు. రెండింటి తూకాలూ ఒక సర్వర్‌కు చేరితేనే రైతుకు చీటీ అచ్చయ్యేది. ఆ సర్వర్ కాలిపోయింది. కొత్తది నిజామాబాద్ ఆఫీసులో పెట్టారు. కాటా ప్రోగ్రాముల్లో మాత్రం పాత సర్వర్ అడ్రసే ఉంది. మార్చే వీలు లేదు, రాసిన కంపెనీ మూతపడింది. బయట బండ్ల బారు. కోసిన చెరుకు ఎండకు ఆరితే బరువు తగ్గుతుంది, ఆ నష్టం రైతుదే.

కంప్యూటర్లు బాగుచేసే నన్ను పిలిపించారు. నేను చేసింది పోర్ట్ ఫార్వర్డింగ్. పోర్ట్ అంటే కంప్యూటర్‌లో ఒక్కో పనికి ఒక్కో నంబరున్న కిటికీ. ఒక పాత కంప్యూటర్‌కు కాలిపోయిన సర్వర్ అడ్రసు ఇచ్చి, దాని కిటికీకి వచ్చిన ప్రతి కనెక్షన్‌నూ నిజామాబాద్‌కు మళ్లించాను. చీటీలు వచ్చాయి. ప్రతి పని చివరా సరిచూసుకునే నా జాబితాలోని ఆరు అంశాలకూ టిక్కు పెట్టాను.

రెండో కాటా క్లర్కు సావిత్రక్క ప్రతి తూకాన్నీ నోటుబుక్కులో కూడా రాస్తోంది.

"ఇక అది అవసరం లేదక్కా," అన్నాను.

"ఉండనియ్ తమ్మీ. అలవాటు."

కాసేపటికి గంగారాం అనే రైతు చీటీ ఊపుకుంటూ వచ్చాడు. "అక్కా, నా ఎడ్లు పది టన్నులు గుంజినయంట సూడు! ఇగ వీటికి ట్రాక్టర్ లైసెన్సు ఇప్పియ్యాలె!"

అందరూ నవ్వారు. సావిత్రక్క నవ్వలేదు. "నీకు పది టన్నులు పడ్డయంటే, నీ బండి తూకం ఏ ట్రాక్టరాయనకో పడ్డట్టే. గాయన ఏడుస్తుండొచ్చు." నా వైపు తిరిగింది. "తమ్మీ, గా నిజామాబాద్ మిషిన్‌కు ఏది ఏ కాటానో ఎట్ల తెలుస్తది?"

తప్పెక్కడుందో అప్పుడు దొరికింది. కనెక్షన్ ఏ అడ్రసు నుంచి వచ్చిందో చూసి సర్వర్ కాటాను గుర్తుపడుతుంది. నేను మళ్లించాక రెండు కాటాలవీ నా కంప్యూటర్ అడ్రసు నుంచే వెళ్తున్నాయి. అందుకే చీటీలు తారుమారవుతున్నాయని ఆమెకు చెప్పాను.

"సక్కజెయ్యనీకి ఎంతసేపు పడ్తది?"

"అరగంట."

"నువ్వు జేస్కో. బండ్లు ఆగవు."

నిజామాబాద్‌కు ఫోన్ చేసి, కాటాకో పోర్ట్ తెరిపించాను. ఏ కాటా నుంచి వచ్చింది ఆ కాటా పోర్ట్‌కే పోయేలా నియమాలు తిరగరాశాను. ఆ అరగంటా ఆమె కాటా ముల్లు చూసి, చేత్తో చీటీలు రాసి బండ్లను పంపుతూనే ఉంది. తర్వాత మొదటి కాటాకు నడిచి వెళ్లి, అక్కడి చీటీలను తన నోటుబుక్కుతో పోల్చి, తారుమారైన చీటీలన్నీ సరిచేయించింది. గంగారాం అసలు తూకం రెండు టన్నులకు కొంచెం తక్కువ. కొత్త చీటీ తీసుకుని, ఎడ్ల వీపు తట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నా జాబితాలో ఏడో అంశం చేరింది: "మళ్లించాక, ఎవరి నుంచి వచ్చినట్టు కనిపిస్తోందో అవతలి వాళ్లను అడుగు." ఇప్పటికీ ప్రతి పనిలో ముందు దానికే టిక్కు పెడతాను. పక్కన కుండలీకరణాల్లో సావిత్రక్క అని ఉంటుంది.