స్కేలు కింద వెలుతురు

మా తాతయ్య గిటార్లు బాగుచేస్తాడు, మనుషుల్ని తిడతాడు. రెండో పనికి ఎవరూ ఏమీ ఇవ్వరు. అయినా దాన్నే ఎక్కువ శ్రద్ధగా చేస్తాడు.

ఇంటి ముందుగదే కొట్టు. గోడకి మేకులు, మేకులకి గిటార్లు, కిటికీ కింద బల్ల. బల్ల మీద జిగురు డబ్బా, దాని పక్కనే అచ్చం అలాంటి డబ్బాలో టీ. ఒకసారి కుంచె టీలో ముంచి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అదే టీ తాగాడు. నేను చూడలేదని ఇప్పటికీ అనుకుంటున్నాడు.

కొట్టుకొచ్చిన ప్రతి గిటారుకీ ముందు ఒకటే పరీక్ష. ఇనుప స్కేలుని పై పలక మీద అడ్డంగా, అంచు మీద నిలబెట్టి, కిటికీ వైపు తిప్పి, ఒక కన్ను మూసి చూస్తాడు. పలక సమంగా ఉంటే స్కేలు కింద నుంచి వెలుతురు రాదు. మధ్యలో ఉబ్బి ఉంటే స్కేలు అటూ ఇటూ ఊగుతుంది. రెండు కొసల కిందా వెలుతురు గీత కనిపిస్తుంది.

ఒకరోజు తపాలా ఆఫీసు గుమాస్తా తన గిటారు పట్టుకొచ్చాడు. తాతయ్య స్కేలు దాకా కూడా వెళ్ళలేదు.

"ఈ ఉక్కు తీగలు ఎవడు వేశాడయ్యా?"

"నేనే మేస్త్రిగారూ. మోత బాగుంటుందనీ..."

"మోత కావాలంటే బిందె కొనుక్కోకపోయావా? ఇది నైలాను తీగల కోసం పల్చగా చేసిన పలక. ఉక్కువైతే ఆరూ కలిసి ఒక మనిషి బరువు లాగుతాయి. నీ వీపు మీద ఒక మనిషి దిగకుండా కూర్చుంటే నిటారుగా ఉంటావా?"

"మా ఆవిడ కూర్చునే ఉంది కదండీ."

తాతయ్య నవ్వలేదు. ఆ వాటా కూడా నేనే నవ్వాను.

"ఇవాళ ఏమీ కాదు. అదే దీంతో చిక్కు. ఏడాదికో రెండేళ్ళకో పొట్ట ఉబ్బుతుంది. ఆ తరవాత బ్రిడ్జి లేస్తుంది. అప్పుడొచ్చి ఏడుస్తావు" అన్నాడు. బ్రిడ్జి అంటే తీగల కొసల్ని పట్టుకుని పలకకి అంటుకుని ఉండే చెక్కముక్క.

గుమాస్తా గిటారు అక్కడే వదిలి తలొంచుకుని వెళ్ళిపోయాడు. పాపం, ఆయన పరదా తీసి లోపలి గదిలోకి తొంగిచూసి ఉంటే తల అంత వంచుకునేవాడు కాదు.

లోపల మంచం మీద మా అమ్మమ్మ. ఆవిడ ఒళ్ళో ఒక పాత గిటారు. అదీ నైలాను కోసం చేసిందే. దానికీ ఉక్కు తీగలే. పైగా మామూలు శ్రుతి కంటే మూడు తీగలు పైకి లాగి బిగించి ఉన్నాయి. ఆ పాపం చేసిన మహానుభావుడు ఇందాక తిట్టినాయనే.

పెళ్ళయిన కొత్తలో ఆ గిటారుని తాతయ్యే ఆవిడ కోసం చేశాడు. రెండేళ్ళ క్రితం ఒక ఉదయం అమ్మమ్మకి కుడిచెయ్యి, మాట ఒకేసారి పడిపోయాయి. మనం చెప్పేది అంతా అర్థమవుతుంది. తను చెప్పబోతే మాత్రం "కి... కి..." దగ్గరే ఆగిపోయేది. మాట రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ ముక్క నేనూ చెప్పగలను, మూడుసార్లు తప్పి బడి మానేసినదాన్ని.

గిటారుకి రెండు చేతులు కావాలి. ఒకటి నొక్కాలి, ఒకటి మీటాలి. అమ్మమ్మకి ఉన్నది ఎడమచెయ్యి ఒక్కటే. అందుకని ఏమీ నొక్కకుండా చెయ్యి ఒకసారి అలా జారిస్తేనే నిండు శ్రుతి పలికేలా తాతయ్య తీగల్ని మార్చాడు. ఊరికే, కాలక్షేపానికి. నైలాను చప్పుడు ఆవిడ చెవికి సరిగ్గా ఆనలేదు. "ఒక్కరోజుకే" అంటూ ఉక్కు తీగలు ఎక్కించాడు. అమ్మమ్మ చెయ్యి జార్చింది. గది మోగింది. ఆ మోతలోంచి ఆవిడ గొంతు లేచింది.

"కి-టి-కీ... మూ-సె-య్..."

నాలుగు నెలల తరవాత మొదటి మాట. తాతయ్య కిటికీ మూయడం మానేసి, ఇంకోసారి అనమన్నాడు. అమ్మమ్మ ఇంకాస్త గట్టిగా, ఇంకో వరస కట్టి, అదే పాడింది.

ఉత్తగా మాట్లాడబోతే రాదు, ఆ గిటారు మీటి పాడితేనే మాట. అందుకే అప్పట్నుంచి మా ఇంట్లో తిట్లన్నీ పాటలే. "టీ-లో... జి-గు-రు వా-స-న" అని కూడా పాడింది. నేను చెప్పలేదు, ఒట్టు.

కానీ పాడిన ప్రతి రోజూ పలక కొంచెం లేస్తోంది. తాతయ్య శ్రుతి దించి చూశాడు. అమ్మమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు. సన్న తీగలు వేశాడు. ముఖం తిప్పుకుంది. గోడ మీది వేరే గిటారుని అదే శ్రుతిలో పెట్టి ఇచ్చాడు. పక్కింటి పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చేసింది.

"ఆ గిటారే ఎందుకు కావాలి తాతయ్యా?"

"నాకు తెలిస్తే ఇలా కూర్చుంటానటే?"

ఆవిడ మధ్యాహ్నం నిద్రపోగానే తీగలన్నీ వదులు చేసేవాడు. లేచేలోపు మళ్ళీ బిగించేవాడు. ప్రతి ఆదివారం స్కేలు పెట్టి చూసేవాడు. మొదట కొస కింద ఒక పోస్టుకార్డు పట్టింది. తరవాత రెండు. తరవాత అగ్గిపుల్ల.

"బిగించి వదిలేస్తే పలక లేస్తోంది. వదులు చేసి బిగిస్తుంటే జిగురు నలుగుతోంది. నేను మంచికి ఏం చేసినా దీనికి చెడే అవుతోందే" అన్నాడు ఒకరోజు. వీపు విప్పి లోపల గట్టి పట్టీలు వేద్దామని ఉలి కూడా తీశాడు. తీసి మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. "గొంతు మారిపోతే?"

ఎవరి గొంతని నేను అడగలేదు. నాకూ అప్పుడప్పుడు బుద్ధి ఉంటుంది.

మొన్న ఒక మధ్యాహ్నం తీగలు బిగిస్తుండగా టపుక్కున బ్రిడ్జి లేచిపోయింది. తాతయ్య తీగలు విప్పి, జిగురు పెట్టి, అది ఆరేదాకా కదలకుండా బిగింపులు వేశాడు. మూడు రోజులు కదపకూడదు. ఆ మూడు రోజులూ ఇంట్లో పాట లేదు. రెండోనాడు అమ్మమ్మ ఎడమచేత్తో మంచం పట్టె మీద తాళం కొట్టి చూసింది. మాట రాలేదు.

సరిగ్గా అప్పుడే గుమాస్తా తన గిటారు కోసం వచ్చాడు. బల్ల మీద అమ్మమ్మ గిటారునీ, పక్కన విప్పిపెట్టిన తీగల్నీ చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"ఈ ఉక్కు తీగలు ఎవడు వేశాడండీ మేస్త్రిగారూ?"

"నేనే" అన్నాడు తాతయ్య.

లోపల నుంచి "కి... కి..." వినబడింది. గుమాస్తా పరదా వైపు చూశాడు. నవ్వు మింగేసి, "నాది తీరిగ్గా ఇవ్వండి, తొందరేం లేదు" అని వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు బిగింపులు తీసేసరికి బ్రిడ్జి పక్కన వెంట్రుకంత బీట. తాతయ్య గిటారు తీసుకెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

"ఇదిగో చూడు. మళ్ళీ బిగిస్తే ఈసారి ఊడేది బ్రిడ్జి కాదు, పలకే చీలుతుంది. వారమో, నెలో చెప్పలేను. తీగలు వేయకపోతే ఎన్నాళ్ళైనా ఉంటుంది. గోడకి."

అమ్మమ్మ బీట మీద వేలు రాసింది. తరవాత ఆయన చెయ్యి పట్టుకుని తీగలు బిగించే బిరడా మీద పెట్టింది.

తాతయ్య గిటారు వీపుకి చెవి ఆనించి ఒక్కొక్క తీగే ఎక్కించాడు. ఆఖరిది బిగుస్తుండగా లోపల చెక్క 'టిక్' మంది. ముగ్గురం విన్నాం. ముగ్గురం విననట్టే ఉన్నాం.

"ముఖ్యమైనవి ఏమైనా ఉంటే ముందు అవి చెప్పవే. దాచుకోకు" అన్నాడు.

అమ్మమ్మ ఆలోచించింది. చెయ్యి జార్చింది.

"చొ-క్కా... గుం-డీ... త-ప్పు... పె-ట్టా-వ్..."

తాతయ్య కిందికి చూసుకున్నాడు. నిజమే, ఒక పక్క పైకీ ఒక పక్క కిందికీ ఉంది. విప్పబోయాడు. రెండు గుండీలు విప్పి మళ్ళీ తప్పు కాజాలోనే పెట్టాడు. నేనే వెళ్ళి అన్నీ విప్పి మళ్ళీ పెట్టాను.

ఈ ఆదివారం ఆయన స్కేలు తీయలేదు. అది మేకుకే వేలాడుతోంది. అమ్మమ్మ మాత్రం ఇదివరకటి కంటే తొందర తొందరగా పాడుతోంది, మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా దండగ అన్నట్టు. ఇప్పుడు మళ్ళీ చెయ్యి ఎత్తింది. ఈసారి తిట్టు నాకేనని చూపు చూస్తేనే తెలుస్తోంది.