దొడ్డికి అడ్డంగా కూరమడి

తెనాలిలో మా ఇంటి వెనక మా కోడలు ఇటుకలు పేర్చి, సంచుల్లో కొన్న మట్టి పోసి, మోకాలెత్తు కూరమడి కట్టింది. మట్టిని సంచిలో పెట్టి అమ్మేవాళ్ళున్నారని, కొనేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారని తెలిసి నాకు ఒళ్ళు మండింది. నేలకంటే ఎత్తుగా ఉంటే వేళ్ళు కుళ్ళవని టీవీలో ఎవరో చెప్పారట. నిన్న సాయంత్రం దాని మీద నీళ్ళు చల్లగానే మొలిచీ మొలవని కొత్తిమీర మధ్యనుంచి తడిమట్టి వాసన గుప్పున లోపలికి కొట్టింది. లేచి వంటింటి కిటికీ వేసేశాను.

"ఏంటత్తయ్యా, ఇంత ఉక్కలో కిటికీ వేశారు?" అంది కోడలు.

"దోమలొస్తున్నాయి," అన్నాను.

దోమలు రాలేదు. ఆ వాసన నాకు పడదు, అంతే. నేను మూడో తరగతి దాకానే బడికి వెళ్ళాను, ఆ తర్వాత మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి మాన్పించారు. కాబట్టి చిన్ననాటి సంగతులు రాసేవాళ్ళలాగా పువ్వులు పూయించడం నాకు రాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

రేపల్లెలో మా వీధి అంతా మగ్గాలే. తెల్లవారకముందే ఒక ఇంట్లో మొదలైన తొక్కుడు పలకల చప్పుడు ఇల్లిల్లూ దాటుకుంటూ వీధి చివరికి పాకేది. నూలుకు పట్టించే గంజి పులిసిన వాసన, తడిసిన పోగుల వాసన, కట్టెల పొయ్యి పొగ కలిసి మా బట్టలకూ జుట్టుకూ పట్టి ఉండేవి. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. ఎండాకాలంలో కాలవలు కట్టేస్తే ఎండిన కాలవలో అచ్చంగిల్లాలు ఆడేవాళ్ళం, వానాకాలంలో నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంటకు చెమ్మపట్టి పని ఆగితే తాటిరొట్టె తిని పడుకునేవాళ్ళం. అట్లతద్దికి పెరుగన్నంలోకి గోంగూర పచ్చడి, నూనె పొదుపుగా చుక్కలు వేసి కాల్చిన అట్లు. రెండోది అడిగితే మా అమ్మ చూపుతోనే కడుపు నింపేది.

ఒకే ఇంట్లో రెండు వాటాలు. మెరక వాటా పెదనాన్నది, పల్లపు వాటా మాది. వెనకాల దొడ్డి ఒక్కటే. దొడ్డిలో పడ్డ ప్రతి చుక్కా మా వైపుకే జారి, మా కంచె కింద ఉన్న తూములోంచి సందులోకి పోవాలి. ఆ దారిలోనే మా అమ్మ తోటకూర, చుక్కకూర, నాలుగు పాదుల కొత్తిమీర వేసుకునేది. నాన్నకు కూలి అందని వారాల్లో మాకు కూరంటే అదే.

పెద్దమ్మ నూలుకు రంగులద్దేది. పని అయ్యాక బానలోని సోడా నీళ్ళు, రంగు నీళ్ళు గుమ్మంలో నిలబడే కుమ్మరించేది. అవి వచ్చి మా కూరమడిలో ఇంకేవి. ఒకరోజు చుక్కకూర కాడలు నీలంగా తేలాయి, తోటకూర ఆకులు చుట్టూ కాలినట్టు మాడాయి.

"అక్కా, ఆ బాన కాస్త వీధి వైపు పారబోయచ్చు కదా," అంది అమ్మ.

"నీళ్ళకు దారి నేను చెప్పాలా ఏంటి? పల్లం ఎటుంటే అటు పోతాయి. పల్లంలో కాపురం పెట్టినవాళ్ళు పడాలి మరి," అంది పెద్దమ్మ.

ఆ ఎండాకాలం మా పాత మగ్గం గుంట గోడలు కూలితే నాన్న పక్క గదిలో కొత్త గుంట తవ్వాడు. ఆ మట్టిని అమ్మ తట్టలతో మోసి, దాని మీద కాలవ పూడిక పోసి, చుట్టూ తాటిదుంగలు అడ్డం పెట్టి, ఈ కంచె నుంచి ఆ కంచె దాకా దొడ్డికి అడ్డంగా నడుమెత్తు మడి లేపింది. చీడపడితే పొయ్యి బూడిద చల్లేది, బియ్యం కడిగిన నీళ్ళు చుక్క వృథా కాకుండా పోసేది. కాడ తెంపితే చాలు, పక్కనుంచి రెండు చిగుళ్ళు వచ్చేవి. ఎత్తు మడి సుగుణం గురించి మా కోడలు టీవీ చూసి నేర్చుకుంది. మా అమ్మ దాన్ని ఎత్తుగా లేపింది వేళ్ళ కోసం కాదు.

పెదనాన్న మాత్రం ఈ గొడవలో ఎప్పుడూ తలదూర్చలేదు. ఆయనకు పిల్లల్లేరు. మగ్గం గుంట అంచున నన్ను కూర్చోబెట్టుకుని, తెగిన రంగు పోగులు ఏరి నా వేలికి ఉంగరంలా చుట్టి, "మా కోమలికి పెళ్ళి చీర నేనే నేస్తా," అనేవాడు. మా ఇళ్ళల్లో మరదలు బావగారి ఎదుట నిలబడకూడదు, ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. ఆయన కూడా ఆమె నిలబడ్డ చోటుకు దగ్గరగా రాకూడదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో పిల్లలుండాలి. మా ఇంట్లో ఆ పిల్లను నేను. నిప్పు కావాలన్నా, పండగ ఎప్పుడో అడగాలన్నా, అమ్మ మాట పెదనాన్నకూ పెదనాన్న మాట అమ్మకూ నా నోటితోనే చేరేది.

ఆ ఏడు అప్పటిదాకా పడ్డవి నేలలో ఇంకిపోయే జల్లులే. అట్లతద్ది వెళ్ళిన మూడో నాడు పెద్దవాన పట్టుకుంది. నాన్న బట్ట అప్పగించడానికి బాపట్ల వెళ్ళి ఉన్నాడు. మధ్యాహ్నానికి దొడ్డి నిండింది. నీళ్ళు అమ్మ మడిని కొట్టుకుని, దారిలేక వెనక్కి తిరిగి, పెదనాన్న గడప మీదికెక్కాయి. ఆయన మగ్గం మీద పెళ్ళివారి చీరకు నిలువునా పరిచిన పట్టుపోగుల పడుగు ఉంది. గుంటలోకి నీళ్ళు దిగితే పడుగు పోతుంది, గోడలు కూలితే మగ్గమే పోతుంది.

పెదనాన్న పార పట్టుకుని వచ్చాడు. అది చూసి అమ్మ నెత్తిన గోనె కప్పుకుని మడి ఎక్కి, తోటకూర మధ్యలో నిలబడింది. ఆయన ఆగిపోయాడు. మరదలు నిలబడ్డ మట్టి మీద ఆయన పార వేయలేడు. అది అమ్మకు తెలుసు.

"కోమలీ, ఒక పక్క జానెడు తెగ్గొడితే చాలని మీ అమ్మకు చెప్పమ్మా," అన్నాడు.

అమ్మ వింటూనే ఉంది. అయినా నేను చెప్పాను.

"మీ పెద్దమ్మను వచ్చి నన్ను అడగమను. తన నోటితో అడిగితే నేనే తవ్వుతా," అంది అమ్మ.

పెద్దమ్మ గుమ్మంలోంచి, "మగ్గం మునిగితే మునగనీ. దాన్ని అడిగే గతి నాకింకా పట్టలేదు!" అని అరిచింది.

అమ్మ నా వంక తిరిగింది. "మీ పెదనాన్నకు చెప్పవే. నీళ్ళు పల్లం చూసుకుంటాయంట. ఇప్పుడు పల్లం వాళ్ళదని చెప్పు."

ఆయన నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ప్రతి మాటా ఆయనకు వినబడింది. అయినా నేను వెళ్ళి, తల పైకెత్తి, మాట పొల్లుపోకుండా చెప్పాను. అలా చెప్పడమే నాకు నేర్పారు.

"విన్నాలేమ్మా," అని ఆయన పార అక్కడే వదిలి లోపలికి పోయాడు. చాలాసేపు బిందెతో నీళ్ళు తోడిపోస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత ధబ్బుమని గుంట గోడ కూలిన చప్పుడు. ఆ తర్వాత వాన చప్పుడే.

మర్నాడు నాన్న వచ్చి, ఆ పారతోనే మడిని నిలువునా తెగ్గొట్టాడు. నీళ్ళు నిమిషాల్లో పోయాయి. పడుగు ఎవరికీ పనికిరాలేదు. ఆ నెలలోనే పెదనాన్నా పెద్దమ్మా సామాను బండికెత్తుకుని బాపట్ల వెళ్ళిపోయారు. ఆయన అక్కడ ఇంకొకరి మగ్గం మీద కూలికి నేశాడు. బండి కదిలేటప్పుడు వీధిలోకి వెళ్ళబోతే అమ్మ నా రెక్క పట్టుకుని లోపలికి లాగింది. మిగిలిన మడిలో తోటకూర ఆ ఏడు ఎప్పుడూ లేనంత ఏపుగా వచ్చింది. అమ్మ వండింది. మేం తిన్నాం.

ఆ వీధిలో ఇప్పుడు ఒక్క మగ్గం లేదు. మా ఇంటి స్థలంలో సిమెంటూ ఇనుమూ అమ్మే కొట్టు వెలిసింది. మెరకా పల్లం తెలియకుండా అంతా గచ్చు. బావగారి ఎదుట నోరు విప్పకూడదన్న మర్యాదా పోయింది. మా కోడలు తన బావగారితో, అంటే మా పెద్దవాడితో, సెల్‌ఫోన్లో గంటసేపు వాదిస్తుంది. ఆ మర్యాద పోయినందుకు నాకు ఒక్క రవ్వ విచారం లేదు. పెద్దమ్మ మీదా, చెప్పాలంటే మా అమ్మ మీదా, నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. పెదనాన్న బాపట్లలోనే పోయాడని మాకు ఆలస్యంగా తెలిసింది. ఆ వానకు ముందు ఆయనతో నేను లక్ష మాటలు చెప్పి ఉంటాను. ఆఖరున చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం నాది కాదు.