మీ ఇష్టం గారు

లాండ్రీలో ఆడవాళ్లు సూపర్‌వైజరుకి పెట్టిన పేరు ‘మీ ఇష్టం గారు’. ఎదురుగా మాత్రం సార్ అనేవాళ్లు. ఆదివారం పనికి రావాలా అని అడిగితే మీ ఇష్టం అనేవాడు. రాకపోతే సోమవారం తడిబట్టలు మోయించేవాడు. ఇదేం న్యాయమంటే అరచేతులు రెండూ తిప్పి చూపించి, "నా చేతుల్లో ఏముందమ్మా, అంతా పైవాళ్లదే" అనేవాడు. ఈ రెండు ముక్కలతో ఒక మగాడు బతుకంతా వెళ్లదీసేయొచ్చని మడతల గదిలో పనిచేసే పెద్దకోడలికి అతన్ని చూశాకే తెలిసింది.

ఆవిడ తోడికోడలిది కూడా ఆ గదిలోనే పని, అందుకే ఆవిడకా పేరు. హోటళ్ల దుప్పట్లు ఆవిరి రోలరులోంచి పొగలు కక్కుతూ రాగానే ఇద్దరూ చెరో రెండు కొసలూ పట్టి, ఒక్క గుంజు గుంజి, ఎదురెదురుగా నడిచొచ్చి మడత కలిపేవాళ్లు. ఒకరి మోచెయ్యి కదిలితే చాలు, రెండోవాళ్లకు అర్థమైపోయేది. ఇంట్లో మాత్రం ఉప్పూ నిప్పూ.

ఇష్టం అనే మాటతో పెద్దకోడలికి పాత పరిచయమే. పెళ్లి మాటలన్నీ ముగిసి, వచ్చినవాళ్లు చెప్పులు తొడుక్కుంటుండగా నాన్న వంటగదిలోకి తొంగిచూసి "నీకిష్టమేగా?" అన్నాడు. మొగుడు బతికున్నన్నాళ్లూ "నీ ఇష్టం" అన్నాడంటే మూతి ముడుచుకు కూర్చుంటాడని లెక్క. పెత్తనం చేతిలో ఉన్నవాడే ఎప్పుడూ ఈ మాట అంటాడు. వినేవాళ్లకు తలూపే పని మిగులుతుంది.

ఉన్నట్టుండి ఒక హోటలు బట్టలు పంపడం మానేసింది. సూపర్‌వైజరు మడతల గదికి వచ్చి "అక్కా" అన్నాడు. అక్కా అన్నాడంటేనే ఎవరికో మూడిందన్నమాట.

"మీ ఇద్దరిలో ఒకళ్లే ఉండాలక్కా. ఎవరన్నది మీరే తేల్చుకోండి. ఒకే ఇంటివాళ్లు, మధ్యలో నేనెందుకు? మీ ఇష్టం."

తోడికోడలి మొహం పాలిపోయింది. ఆమెకు చంటిపిల్లలు. పెద్దకోడలికి చేతికందొచ్చిన కొడుకున్నాడు. వెళ్లాల్సింది తనేనని అప్పటికప్పుడే తేల్చేసుకుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు అతని మొహం చూసింది. నెత్తిమీద బరువు దిగిపోతున్నవాడి మొహం. రేపు అడిగినవాళ్లందరికీ ఏం చెబుతాడో ఇప్పుడే వినపడింది: పాపం, ఆవిడే మానేసింది. ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

"మేం తేల్చుకోం. ఎవర్ని తీసేస్తున్నావో నువ్వే చెప్పు."

ఇన్నేళ్లలో అతన్ని నువ్వు అనడం అదే మొదలు. రోలరు దగ్గరవాళ్లు మిషన్ ఆపేశారు.

"నా చేతుల్లో ఏముందక్కా..."

"పేరు చెప్పడానికి చేతులెందుకు? నోరు చాలు."

అతను కాలరు సర్దుకున్నాడు. దగ్గాడు. పైవాళ్లను తలుచుకున్నాడు. రోజూ ఇంతమందిని గడగడలాడించే మనిషికి ఒక్క వాక్యం అనడానికి చొక్కా తడిసిపోయింది. థూ, ఇదా వీడి అధికారం అనుకుంది పెద్దకోడలు.

"నువ్వేలే అక్కా" అన్నాడు చివరికి.

"నేనేంటి? పూర్తిగా చెప్పు. వెనకవాళ్లకి కూడా వినపడాలి."

"నిన్ను తీసేస్తున్నాను."

"అదీ" అని, చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి వెళ్లిపోయింది. గేటు దాటాక మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పనంటే ఆవిడకు ప్రాణం.

వారం తిరక్కముందే బట్టలు పట్టుకెళ్లడానికి వచ్చిన వేరే హోటలు మనిషి, పెద్దావిడ కనపడదేమని అడిగాడు. సూపర్‌వైజరు బరువుగా నిట్టూర్చాడు.

"ఏం చెప్పమంటారు? ఆవిడే తన ఇష్టంతో..."

రోలరు దగ్గర్నుంచి వచ్చిన కొత్త జోడీతో మడతపెడుతున్న తోడికోడలు చేతిలో కొసలు వదిలేసింది. ఇంట్లో పెద్దకోడలితో ఏనాడూ సరిగ్గా మాట్లాడి ఎరగని మనిషి.

"కాదండీ, ఈయనే తీసేశాడు" అంది. "మేమంతా విన్నాం."