బల్బు లేని హెడ్‌లైట్

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నేను నూజెండ్ల దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చికి పోతాం గానీ, అక్కడ ఎవరైనా లేచి అద్భుతాల సాక్ష్యం మొదలుపెడితే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను. అందుకే ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది పాత కారు. మా ఆయన ఉద్యోగం విజయవాడలో. కారు ఎక్కువగా నేనే నడుపుతాను. పోయిన చలికాలంలో దాని కుడివైపు హెడ్‌లైట్ పోయింది. వినుకొండలో మెకానిక్ బాషాకి చూపిస్తే మాడిపోయిన బల్బు పీకేశాడు. ఆ రకం తన దగ్గర లేదు, మర్నాడు పేట నుంచి తెప్పిస్తానన్నాడు. పేట అంటే మాకు నరసరావుపేటే. ఊడిన వైరు కొసకి నల్ల టేపు చుట్టి లోపలికి తోసి, "పొద్దుగూకినాక మాత్రం బండి తియ్యమాక టీచరమ్మా" అన్నాడు.

నాకూ తీసే ఉద్దేశం లేదు. కానీ ఆ సాయంత్రమే మా అత్తమ్మకి మిరప చేలో పాము కరిచింది.

రక్తపింజర. కూలీలు కొట్టి చంపి చూపించారు. దగ్గర్లోని ఆస్పత్రిలో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు గానీ, కాసేపటికి ఆమె చిగుళ్ళ నుంచి రక్తం కారడం చూసి డాక్టరు వెంటనే పేటకి తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్స్ ఇంకో కేసు మీద దూరం పోయి ఉంది. ఎదురుచూసే ధైర్యం నాకు లేకపోయింది. మా పక్కింటి మస్తాన్‌బీ అక్క వెనక సీట్లో కూర్చుని అత్తమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. నేను కారు తీశాను. అప్పటికే మసక చీకటి పడుతోంది.

వినుకొండ దాటుతుండగా పోలీసులు ఆపారు. కానిస్టేబుల్ టార్చి వేసి కుడి లైటు అద్దంలోకి చూశాడు.

"బల్బే లేదు గదమ్మా ఇందులో. ఒంటి లైటుతో బండి తోలడం చట్టప్రకారం తప్పు, తెలుసా?"

తెలుసన్నాను. వెనక సీటు చూపించాను. ఆయన టార్చి అటు తిప్పి, మళ్ళీ కిందికి దించేశాడు.

"ఫైన్ సంగతి అట్టా ఉంచు. ఎడమ లైటు ఒక్కటే వెలుగుతుంటే ఎదురొచ్చేవాడు నిన్ను బైకు అనుకుంటాడు. రోడ్డు వారగా ఎవరో పోతన్నార్లే అని నీ మీదికే వస్తాడు. ఏదన్నా బస్సు దొరికితే దాని ఎనకమాలే పో. ముందుకి మాత్రం దూరమాక."

అలాగే చేశాను. ఒక బస్సు దొరికింది. దాని ఎర్ర లైట్ల మీదే చూపు పెట్టి నడిపాను. వెనక నుంచి మస్తాన్‌బీ అక్క, "వదినా, కళ్ళు తెరువు. ఇదిగో, నా మాట ఇనపడతందా?" అంటూనే ఉంది. మొదట్లో అత్తమ్మ ఊఁ కొట్టేది. తర్వాత ఆ ఊఁ కూడా ఆగిపోయింది.

కొంత దూరం పోయాక బస్సు ఒక ఊళ్ళోకి తిరిగిపోయింది. నేను ఒక్కదాన్నే మిగిలాను.

నా ముందు రోడ్డు ఎడమ సగమే కనపడుతోంది. కుడి సగం తారూ చీకటీ కలిసిపోయి ఉంది. నెమ్మదిగా పోదామంటే వెనక మనిషి పోయేట్టుంది. వేగంగా పోదామంటే దారి కనపడటం లేదు.

ఒక మలుపు దగ్గరికి వస్తున్నాను. మలుపుకి అవతల ఇంకా ఏ బండి వెలుతురూ లేదు. అది నాకు బాగా గుర్తు. ఉన్నట్టుండి రోడ్డు కుడి సగం తెల్లబడింది.

అవతలి అంచున చింతచెట్టు మొదలు, దానికి కొట్టిన సున్నం పట్టీ, దాని పక్క ఎండిన గడ్డి, అన్నీ కనపడ్డాయి. నేను స్టీరింగ్ తిప్పితే ఆ వెలుగు కూడా తిరిగింది. నా బండి వెలుగే అది. "లైటొచ్చిందే!" అంది వెనక నుంచి మస్తాన్‌బీ అక్క.

అప్పుడే మలుపులోంచి పత్తి ట్రాక్టరు కనపడింది. దాన్ని దాటుకుంటూ ఒక లారీ, పూర్తిగా నా వైపు రోడ్డు మీద.

నేను అరిచానో లేదో తెలియదు. బ్రేకు గట్టిగా తొక్కిపట్టాను. లారీ చక్రాలు కీచుమన్నాయి. అది ట్రాక్టరు వెనక్కి ఎలా సర్దుకుందో గానీ, నా అద్దం పక్కగా దూసుకుపోయి కొంచెం అవతల మట్టిలోకి దిగి ఆగింది. లారీ డ్రైవరు దూకి పరుగెత్తుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"రెండు లైట్లు కనపడబట్టి కారని తెలిసింది, ట్రాక్టరు ఎనక్కి కొట్టా. లేకపోతే..." అంటూ నా బండి ముందుకొచ్చి ఆగిపోయాడు. "ఏందిది? ఒక్కటే వెలుగుతందేంది?"

నేను తల ఎత్తి చూశాను. రోడ్డు కుడి సగం మళ్ళీ చీకటి.

మాట్లాడే సమయం లేదు. వెనక మనిషిని చూసి ఆయనే, "పోండమ్మా, పోండి. పేట దాకా నా ఎనక రండి" అని లారీ వెనక్కి తిప్పుకున్నాడు. ఆస్పత్రి రోడ్డు మొదట్లో చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

అత్తమ్మ బతికింది. కిడ్నీలు దెబ్బతిని కొన్నాళ్ళు డయాలసిస్ చేశారు. ఇప్పుడు కోలుకుంది. దారిలో సంగతులేవీ ఆమెకి గుర్తు లేవు.

తర్వాత బాషా బానెట్ ఎత్తి చూశాడు. లోపల బల్బు లేదు. తాను చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. "కరెంటు అందే దారే లేదు టీచరమ్మా" అన్నాడు.

మా స్కూల్లో లెక్కల మాస్టారు ఒక కారణం చెప్పాడు. ఎదుటి లారీ వెలుతురు నా ఖాళీ లైటు గిన్నెలో పడి మెరిసి ఉంటుందట. మంచి ఆలోచనే. నేను బాషాని బతిమాలి, తర్వాత వేసిన కొత్త బల్బు తీయించి, చీకటి పడ్డాక ఎదురుగా ఇంకో కారు పెట్టించి చూశాను. గిన్నె మెరిసింది, నిజమే. కానీ ఆ మెరుపు రోడ్డు మీద పడలేదు. పైగా నాకు చెట్టు కనపడ్డప్పుడు ఎదురుగా లారీయే లేదు.

మస్తాన్‌బీ అక్క అల్లా అంటుంది. మా ఆయన దేవుడంటాడు. సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు రెండుసార్లు అడిగారు. లేచి నిలబడితే ఏం చెప్పాలో తెలియక నేను లేవలేదు. బల్బు లేకుండా లైటు వెలగదు. ఆ వెలుగు నేను చూశాను. ఈ రెండిటినీ కలిపే మాట నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఇప్పుడు చీకట్లో ఎదురుగా ఒంటి లైటు కనపడితే చాలు, నేను బండి పూర్తిగా మట్టిలోకి దించి ఆపేస్తాను. అది బైకే కావచ్చు, ఆ రాత్రి నాలా ఒంటి లైటుతో వచ్చే కారూ కావచ్చు. అది దాటిపోయి, అందులో ఎవరున్నారో కనపడేదాకా మాత్రం నేను కదలను.